మెరుగు పెట్టిన కత్తి అలుగు మీద తయారీ ముద్ర: ఉప్పునీటితో, 12 వోల్టుల కరెంటుతో

చేత్తో కత్తులు చేసేవారు తమ పేరునో గుర్తునో అలుగు మీద నిలపడానికి పంచ్‌తో గుద్దే పద్ధతి పాతది. అయితే ఉక్కును కాల్చి నూనెలో ముంచి గట్టిపరచక ముందే ఆ పని ముగించాలి. గట్టిపడిన అలుగు మీద సుత్తి పడితే పంచ్ మొన విరుగుతుంది, లేదా అలుగే చిట్లుతుంది. లేజర్ యంత్రం మీద పని శుభ్రంగా జరుగుతుంది గానీ దాన్ని కొనాలి, లేదా కత్తిని మరొకరి చేతిలో పెట్టి రావాలి. ఎలక్ట్రోకెమికల్ ఎచింగ్‌లో, అంటే ఉప్పునీటి ద్వారా కరెంటు పంపి లోహాన్ని కొద్దిగా కరిగించే పద్ధతిలో, ఈ రెండు ఇబ్బందులూ లేవు. గట్టిపరచి, మెరుగు పెట్టి, దాదాపు పూర్తయిన అలుగు మీద కూడా కొద్ది నిమిషాల్లో ముద్ర వేయవచ్చు. దానికి కావలసిన సరుకంతా హైదరాబాదులో ఒక్క పూట తిరిగితే దొరుకుతుంది.

కొత్తగా ఈ పని మొదలుపెట్టినవారు ముద్ర సరిగా పడకపోతే ముందుగా వోల్టేజీని అనుమానిస్తారు. నా అభిప్రాయంలో వోల్టేజీ చివరగా అనుమానించవలసినది. అక్షరం అంచు కత్తిరించినట్టు వస్తుందా, చుట్టూ బూడిదరంగు నీడ తేలుతుందా అన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: అలుగుకు జిడ్డు లేకపోవడం, స్టెన్సిల్ (అక్షరాల చోట మాత్రమే తెరిచి ఉండి మిగతా అలుగును కప్పే పొర) గట్టిగా అతుక్కోవడం, ఉప్పునీటితో తడిపే ప్యాడ్‌లో తడి ఎక్కువ కాకపోవడం. సాదా రాపిడి ముగింపు ఉన్న అలుగు మీద చిన్న తప్పు కనిపించదు. అద్దంలా మెరుస్తున్న అలుగు మీద మాత్రం అదే తప్పు మూరెడు దూరం నుంచి కనిపిస్తుంది. అందువల్ల ఈ వివరణలో ఎక్కువ భాగాన్ని శుభ్రతకూ స్టెన్సిల్‌కూ కేటాయించాను.

జరిగేది ఏమిటి

అలుగును కరెంటు ప్లస్ వైపుకూ, ఉప్పునీటితో తడిపిన ప్యాడ్‌ను మైనస్ వైపుకూ కలుపుతాము. ప్యాడ్ తాకినచోట ఇనుప పరమాణువులు ఒక్కొక్కటి రెండు ఎలక్ట్రాన్లను వదులుకొని అయాన్లుగా మారి ద్రావణంలోకి వెళ్ళిపోతాయి. మైనస్ వైపు హైడ్రోజన్ బుడగలు వస్తాయి. స్టెన్సిల్ కప్పిన చోటికి కరెంటు చేరదు కనుక అక్కడి లోహం చెక్కుచెదరదు.

ఎంత కరెంటుకు ఎంత లోహం కరుగుతుందో 1830లలో మైకేల్ ఫారడే సూత్రీకరించిన నియమాలతో లెక్క కట్టవచ్చు. ఒక కూలంబ్ విద్యుత్తు, అంటే ఒక ఆంపియర్ చొప్పున ఒక సెకను ప్రవహించిన కరెంటు, సుమారు 0.29 మిల్లీగ్రాముల ఇనుమును కరిగిస్తుంది. ముద్రలోని గీతల మొత్తం వైశాల్యం 20 చదరపు మిల్లీమీటర్లు, కావలసిన లోతు 0.05 మిల్లీమీటర్లు అనుకుంటే, తీయవలసిన లోహం ఒక ఘన మిల్లీమీటరు, అంటే 8 మిల్లీగ్రాములకు కాస్త తక్కువ. దానికి 27 కూలంబులు చాలు. ఒక ఆంపియర్ దగ్గర అది అర నిమిషం పని. కొంత కరెంటు ఇతర చర్యలకు పోతుంది కనుక ఆచరణలో ఇంకొంత సమయం పడుతుంది, కానీ నిమిషాల తరబడి రుద్దవలసిన అవసరం మాత్రం ఎప్పుడూ రాదు. వోల్టేజీ పెంచితే పని త్వరగా అవుతుందనేది నిజమే. ఆ తొందరకు ప్యాడ్ ఉడికి, ఆవిరి స్టెన్సిల్ అంచు కిందికి దూరడమే మూల్యం.

ఇదే ఫారడే అంతకుముందు, 1819లో, మన దేశం నుంచి వెళ్ళిన వూట్జ్ ఉక్కును విశ్లేషించాడు. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు ఆ ఉక్కుకు పేరుపొందిన కేంద్రం. పర్షియా వర్తకులు అక్కడి నుంచి ఉక్కు ముద్దలను కొనుక్కొని వెళ్ళేవారు. ఆ ఉక్కుతో చేసిన కత్తుల మీద కనిపించే అలల నమూనా కూడా ఆమ్లంతో స్వల్పంగా కరిగిస్తేనే బయటపడేది. ఉక్కును కరిగించి దాని మీద అందం తేవడం తెలంగాణకు పరాయి విద్య కాదని చెప్పడానికి ఇంతకంటే వివరం అక్కరలేదు.

డైరెక్ట్ కరెంటు, అంటే డీసీ, లోతును ఇస్తుంది. కానీ ఆ గుంట అడుగు లేత బూడిదరంగులోనే ఉంటుంది. ఆల్టర్నేటింగ్ కరెంటు, అంటే ఏసీ, దిశ మార్చుకుంటూ ఉండడం వల్ల లోహాన్ని పెద్దగా తీసివేయదు. కరిగినదాన్ని నల్లని ఆక్సైడ్ పొరగా అక్కడే నిలుపుతుంది. ముందు డీసీతో తవ్వి, ఆ వెంటనే ఏసీతో నలుపు ఎక్కించడమే ఎక్కువమంది అనుసరించే క్రమం.

కరెంటు ఏర్పాటు

కోఠీలోని గుజరాతీ గల్లీలో 12-0-12 వోల్టుల, 3 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, 35 ఆంపియర్ల మెటల్ బ్రిడ్జ్ రెక్టిఫయర్, ఆరు కాళ్ళ డీపీడీటీ స్విచ్, క్రొకొడైల్ క్లిప్పులు అన్నీ దొరుకుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగకూ ఒక పక్క తీగకూ నడుమ 12 వోల్టుల ఏసీ వస్తుంది. దాన్ని బ్రిడ్జ్ గుండా పంపితే డీసీ వస్తుంది, సగటున 9 వోల్టులకు కాస్త పైన. స్విచ్ ఒక వైపు వేస్తే బ్రిడ్జ్ నుంచి, రెండో వైపు వేస్తే నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు క్లిప్పులకు చేరేలా కలపాలి. 230 వోల్టుల వైపు అర ఆంపియర్ ఫ్యూజు పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప చట్రానికి ఎర్త్ ఇవ్వాలి. ఆ వైపు కనెక్షన్లన్నీ మూతపెట్టిన డబ్బాలోనే ఉండాలి. వేరియాక్ లేదా ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌ను ఈ పనికి వాడకూడదు. వాటిలో మెయిన్స్ కరెంటుకూ తడి చేతికీ మధ్య అడ్డు ఉండదు.

ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చిన వస్తువు కారు ఇండికేటర్‌కు వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బు. దాన్ని ప్యాడ్‌కు వెళ్ళే తీగలో వరుసగా కలిపితే పొరపాటున రెండు క్లిప్పులూ తాకినా కరెంటు రెండు ఆంపియర్లను దాటదు. అంతేకాక అది మీటరులా పనిచేస్తుంది. ప్యాడ్ సరిగా ఆనినప్పుడు బల్బు తీగ ఎర్రగా, మందంగా వెలుగుతుంది. అసలు వెలగకపోతే క్లిప్ పట్టు వదులుగా ఉందనీ ప్యాడ్ ఎండిపోయిందనీ, భగ్గున వెలిగితే ప్యాడ్ లోపల ఉండే ఎలక్ట్రోడ్ లోహం నేరుగా అలుగును తాకుతోందనీ అర్థం.

అంత శ్రమ వద్దనుకునేవారు సీసీటీవీ కెమెరాలకు ఇచ్చే 12 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్‌తో మొదలుపెట్టవచ్చు. లోతు వస్తుంది, నలుపు రాదు.

ఏ ఏర్పాటైనా మొదటిసారి ప్లస్, మైనస్ తేల్చుకోవాలి. ఒక గాజు గ్లాసులో ఉప్పునీరు పోసి, రెండు తీగల చివర ఒక్కో ఇనుప మేకు తగిలించి, ఒకదానికొకటి తాకకుండా ముంచాలి. బుడగలు జోరుగా వచ్చేది మైనస్ మేకు. చుట్టూ నీరు ఆకుపచ్చగా, ఆపై గోధుమరంగుగా మారేది ప్లస్ మేకు. తీగలు తారుమారైతే అలుగు మీద ఏమీ పడదు, ఎలక్ట్రోడ్ అరిగిపోతుంది.

ద్రావణం, ఎలక్ట్రోడ్

వంద మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చదును టీ చెంచా ఉప్పు, ఒక పెద్ద చెంచా తెల్ల వెనిగర్ కలిపితే చాలు. ఈ నిష్పత్తి కార్బన్ స్టీలుకు, ఈఎన్ 31 బేరింగ్ స్టీలుకు, లారీ కమాన్ పట్టీల ఉక్కుకు బాగా పనిచేస్తుంది. స్టెయిన్‌లెస్ మీద నలుపు కొంచెం పలుచగా వస్తుంది. బోరు నీరు వాడవద్దు. నగరంలో చాలాచోట్ల అది కఠిన జలం. ఆరినచోటల్లా తెల్ల మచ్చ వదులుతుంది. బ్యాటరీల దుకాణంలో డిస్టిల్డ్ వాటర్ చవకగానే దొరుకుతుంది.

ఎలక్ట్రోడ్‌కు వెడల్పు తల ఉన్న స్టెయిన్‌లెస్ బోల్టు సరిపోతుంది. దాని తల మీద మేకప్ తుడిచే దూది బిళ్ళను రెండు పొరలుగా కప్పి, దారంతో బిగించి, పక్కలకు ఇన్సులేషన్ టేపు చుట్టాలి. ప్యాడ్ అడుగు చదునుగా ఉండాలి. ముడత ఉంటే ముద్రలో ఆ మేరకు రంగు తేడా వస్తుంది.

స్టెన్సిల్

నంబరు ప్లేట్లు చేసే రేడియం షాపు లేని వీధి మన నగరంలో అరుదు. వారి దగ్గర ఉండే కటింగ్ ప్లాటర్ మీద మన గుర్తును వినైల్‌లో కోయించుకోవచ్చు. అయితే అక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: మెరిసే రేడియం షీటు వద్దు, సాదా వినైల్ కావాలి. మెరిసే షీటు మందంగా, బిరుసుగా ఉంటుంది, చిన్న అక్షరాల మూలలు లేచిపోతాయి. పైగా కొన్ని రకాల్లో సన్నని లోహపు పొర ఉంటుంది, అది కరెంటును మనం కోరని చోటికి తీసుకువెళ్తుంది. పది మిల్లీమీటర్లకు పైబడిన, మొద్దు గీతలున్న గుర్తుకు వినైల్ మంచిది. అర మిల్లీమీటరు కంటే సన్నని గీతను ఆ బ్లేడు కోయలేక చింపుతుంది.

తెలుగు అక్షరాల దగ్గర వినైల్ పరిమితి త్వరగా బయటపడుతుంది. సున్నా మధ్య ఉండే చుక్కంత దీవి, 'శ్రీ'లో క్రావడికీ అక్షరానికీ నడుమ సందు, తలకట్టు చివరి సన్నని కొన, ఇవన్నీ ఊడిపోతాయి, లేదా పక్కకు జరుగుతాయి. కోసిన వినైల్‌ను ఉన్నదున్నట్టు ఎత్తే ట్రాన్స్‌ఫర్ టేపుతో పట్టి దించితే దీవులు తమ చోటనే ఉంటాయి గానీ, ఆరేడు మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరాలకు అది కూడా సరిపోదు. ముద్రను తెలుగులో, చిన్నదిగా వేయాలనుకునేవారు మొదటి నుంచే మెష్ స్టెన్సిల్ వైపు వెళ్ళడం మేలు.

మెష్ స్టెన్సిల్ అంటే మన స్క్రీన్ ప్రింటింగ్ స్క్రీనే. పెళ్ళిపత్రికలకు పేరుపడ్డ ఛత్తా బజార్‌లో స్క్రీన్లు చేసి ఇచ్చేవారు ఉన్నారు. సెంటీమీటరుకు 120 పోగులున్న మెష్ మీద ఒకే గుర్తును పక్కపక్కన చాలాసార్లు వేయించుకుని, ఫ్రేమ్ నుంచి కోసి ముక్కలు చేసుకుంటే ఏడాది పనికి సరిపడా స్టెన్సిళ్ళు చేతికి వస్తాయి. మెష్ మీద పూసిన ఎమల్షన్ గట్టిపడిన చోట ద్రావణం ఆగుతుంది, అక్షరం ఉన్నచోట పోగుల సందుల నుంచి దిగుతుంది. దీవులను పోగులే పట్టి ఉంచుతాయి కనుక సున్నా నిండు సున్నాగానే వస్తుంది. నీటిని తట్టుకునే ఎమల్షన్ అడగడం మరవవద్దు. పని కాగానే కడిగి ఆరబెడితే ఒక్కో ముక్క ఎన్నో కత్తులకు వస్తుంది. దీని లోపం అతుక్కోకపోవడం. జిగురు లేదు కనుక నాలుగు వైపులా టేపు వేసి బిగుతుగా లాగి పట్టాలి. వంపు తిరిగిన అలుగు మీద అది అంత తేలిక కాదు.

అన్నిటికంటే పదునైన అంచును ఇచ్చేది సర్క్యూట్ బోర్డులకు వాడే ఫొటో డ్రై ఫిల్మ్. దాన్ని నేరుగా అలుగు మీదే అతికిస్తారు. రెండు రక్షణ పొరల్లో మెత్తని దాన్ని ఒలిచి, ఆ వైపు అలుగు మీద పరచి, పైన కాగితం వేసి ఇస్త్రీ పెట్టెతో సుమారు 100 డిగ్రీల వేడిలో ఒత్తాలి. గట్టిపరచిన ఉక్కు పెళుసుతనం తగ్గించడానికి మళ్ళీ కాచే టెంపరింగ్ వేడి ఇంతకంటే చాలా ఎక్కువ కనుక ఉక్కు గట్టిదనం గురించి దిగులు అక్కరలేదు. గుర్తును పారదర్శక షీటు మీద నల్లగా, అద్దంలో కనిపించినట్టు తిప్పి ముద్రించి, ఇంకు వైపు ఫిల్మ్‌కు ఆనేలా పెట్టి, గోళ్ళ రంగు ఆరబెట్టే యూవీ దీపం కింద ఉంచాలి. వెలుగు తగిలిన భాగం గట్టిపడుతుంది. నలుపు కింద ఉన్న అక్షరం మెత్తగా మిగులుతుంది. రెండో పొరను ఒలిచి, ఒక శాతం వాషింగ్ సోడా ద్రావణంలో మెత్తని బ్రష్‌తో రుద్దితే అక్షరాల దగ్గర ఫిల్మ్ కరిగి మెరిసే ఉక్కు బయటపడుతుంది. వెలుగులో ఎంతసేపు ఉంచాలన్నది దీపాన్ని బట్టి మారుతుంది. ఒకే ఫిల్మ్ ముక్కను అట్ట జరుపుతూ వేర్వేరు సమయాలు చూపి పరీక్షించుకోవడం తప్ప వేరే దారి లేదు. ఈ పని అంతా మామూలు ట్యూబ్‌లైటు కింద కాక పసుపు వెలుగులో చేయాలి. ప్రతి కత్తికీ కొత్త ఫిల్మ్ కావడం వల్ల శ్రమ ఎక్కువ. అద్దపు మెరుగు ఉన్న, ధర పలికే కత్తికి మాత్రం నేను దీన్నే ఎంచుకుంటాను.

అలుగును సిద్ధం చేయడం

ముద్ర వేయవలసిన వేళ చివరి మెరుగు తర్వాత, చివరి పదును కంటే ముందు. పదును పెట్టిన వాదర మీదుగా చేతులు తిప్పుతూ టేపు అతికించడం ప్రమాదకరం. పిడి ఇంకా బిగించకపోతే మరీ మంచిది, పిడిలోకి వెళ్ళే భాగానికి ప్లస్ క్లిప్ పెట్టవచ్చు. పిడి బిగిసి ఉంటే అలుగు వెన్ను మీద రాగి రేకు మడిచి పెట్టి, దాని మీద క్లిప్ వేయాలి. మెరుగు మీద క్లిప్ వదులుగా ఆనితే నిప్పురవ్వ లేచి సూది గుచ్చినంత గుంట పడుతుంది. అది పాలిష్‌తో పోదు.

బఫింగ్ సబ్బులో కొవ్వు, మైనం ఉంటాయి. కంటికి తళతళలాడే అలుగు మీద వాటి పొర ఉండనే ఉంటుంది, చాలా ముద్రలు చెడేది ఇక్కడే. ముందు గోరువెచ్చని నీటిలో గిన్నెల సబ్బుతో కడిగి, ఆరనిచ్చి, తర్వాత హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే అసెటోన్‌తో తుడవాలి. ప్రతి తుడుపుకూ గుడ్డ మడత మార్చాలి. గోళ్ళ రంగు తీసే ద్రవంలో నూనె, సువాసన కలిపి ఉంటాయి కనుక అది పనికిరాదు. శుభ్రమైందో లేదో నీరే చెబుతుంది: నాలుగు చుక్కల డిస్టిల్డ్ వాటర్ వేస్తే అది పలుచని పొరగా పరుచుకోవాలి. ముత్యాల్లా విడివిడిగా నిలిస్తే జిడ్డు ఇంకా ఉన్నట్టే. ఆపై వేలితో తాకకుండా స్టెన్సిల్ అతికించి, గోటితో అంచులన్నీ నొక్కి, చుట్టుపక్కల కనీసం మూడు సెంటీమీటర్ల మేర అలుగును టేపుతో కప్పాలి.

ముద్ర వేయడం

కిటికీ తెరిచిన గదిలో, నైట్రైల్ గ్లవ్స్, కళ్ళద్దాలు వేసుకుని పని చేయాలి. హైడ్రోజన్ కొద్దిగా, ఉప్పు వల్ల కొంత క్లోరిన్ కూడా వెలువడవచ్చు. స్టెయిన్‌లెస్ కరిగితే ప్యాడ్‌లో క్రోమియం, నికెల్ లవణాలు చేరతాయి. అదే ఉక్కు, అదే మెరుగు ఉన్న వృథా ముక్క మీద ముందుగా ఒక ముద్ర వేసి చూసుకోవాలి.

ప్యాడ్‌ను ద్రావణంలో ముంచి, టిష్యూ కాగితం మీద ఒకసారి అద్దాలి. నొక్కితే తడి కనిపించాలి, కారకూడదు. స్విచ్ డీసీ వైపు వేసి, ప్యాడ్‌ను స్టెన్సిల్ మీద నిటారుగా దించి, మూడు నాలుగు సెకన్లు కదపకుండా ఉంచి ఎత్తాలి. పక్కలకు రుద్దకూడదు, రుద్దితే స్టెన్సిల్ అంచు లేస్తుంది. చెవి దగ్గర పెట్టి వింటే సన్నగా చిరచిరమనే శబ్దం వస్తుంది. ఎత్తినప్పుడు ప్యాడ్ మీద అక్షరాల ఆకారమే నల్లని, కొంచెం ఆకుపచ్చ తిరిగిన మరకగా తిరగబడి కనిపిస్తుంది. ఆ మరకలో ఏ అక్షరం పలుచగా ఉందో అలుగు మీద కూడా ఆ అక్షరం తక్కువగా తవ్వబడుతున్నదని గ్రహించి, తర్వాతి దింపులో అటు కాస్త ఒత్తిడి పెంచాలి.

రెండు మూడు సెకన్ల విరామమిచ్చి మళ్ళీ దించాలి. విరామం వేడి తగ్గడానికి. ప్యాడ్ వేలికి గోరువెచ్చన దాటి తగిలితే ఇంకాసేపు ఆగాలి. నాలుగైదు దింపులకు ఒకసారి ప్యాడ్‌ను కొత్త చోటికి తిప్పి, మళ్ళీ తడిపి అద్దాలి. మే నెలలో ఫ్యాను కింద కూర్చుంటే అది రెండు దింపులకే ఎండిపోతుంది కనుక ఫ్యాను ఆపుకోవడం ఉత్తమం. మొత్తం ముప్పై, నలభై సెకన్ల డీసీ తర్వాత స్టెన్సిల్ తీయకుండానే తడి అద్ది, గోటి కొనను అక్షరం మీదుగా మెల్లగా జరిపితే అంచుకు తట్టుకుంటుంది. తట్టుకోకపోతే మరికొన్ని దింపులు వేయాలి.

లోతు చాలినప్పుడు ప్యాడ్ మార్చి, స్విచ్ ఏసీకి వేసి, రెండేసి సెకన్లు మూడుసార్లు దించితే చాలు. నలుపు మొదటి దింపులోనే వస్తుంది; ఎక్కువసేపు ఉంచితే పొర మందమై తుడుపుకు రాలిపోతుంది. పొరలు పొరలుగా అతికిన డమాస్కస్ ఉక్కు మీద నికెల్ ఉన్న పొర తక్కువగా, మిగతాది ఎక్కువగా కరుగుతుంది కనుక గుంట అడుగున కూడా చారలు వస్తాయి. నమూనాలో ముద్ర కలిసిపోకుండా ఉండాలంటే డీసీ సమయాన్ని రెట్టింపు చేయాలి.

తర్వాత

కరెంటు ఆపిన వెంటనే స్టెన్సిల్ ఒలవకూడదు. దాని మీద ఉన్న ఉప్పు తడి, ఒలిచే క్షణంలో మెరుగు మీదికి జారుతుంది. ముందు టిష్యూతో అద్ది, గ్లాసు నీటిలో ఒక చెంచా వంట సోడా కలిపి చల్లి, మళ్ళీ అద్ది, అప్పుడు ఒలవాలి. డ్రై ఫిల్మ్ అయితే అసెటోన్‌తో తీయవచ్చు. తర్వాత వంట సోడా నీటితో, ఆపై డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మెత్తని గుడ్డతో ఆరేదాకా అద్దాలి. అక్షరాల గుంటలో మిగిలిన ఉప్పు స్టెయిన్‌లెస్‌ను కూడా సూదిమొనల్లా తింటుంది. వానాకాలంలో కార్బన్ స్టీలు మీద కొద్ది నిమిషాల్లోనే నారింజరంగు తుప్పు పొర కనిపిస్తుంది కనుక, ఆరిన వెంటనే కుట్టు మిషను నూనె రాయాలి. వంటింటి కత్తి అయితే తినడానికి పనికివచ్చే మినరల్ ఆయిల్ వాడాలి.

అంత జాగ్రత్త తీసుకున్నా అక్షరాల చుట్టూ పలుచని నీడ మిగిలితే బఫింగ్ చక్రం దగ్గరకు వెళ్ళవద్దు. మెత్తని చక్రం గుంటలోకి దిగి పదునైన అంచులను గుండ్రం చేస్తుంది, నలుపును ఊడ్చుకుపోతుంది. చదునైన చెక్క ముక్కకు తోలు అతికించి, దాని మీద మెటల్ పాలిష్ పేస్టు పలుచగా రాసి, అలుగు పొడవునా ఒకే దిశలో లాగాలి. చెక్క గట్టిగా ఉండడం వల్ల అది ఉపరితలాన్నే తాకుతుంది, గుంట అడుగు అలాగే ఉంటుంది. నీడ లోతుగా ఉంటే 2000 గ్రిట్ కాగితం, చుక్క నూనె, అదే చెక్క. ఆపై మళ్ళీ పేస్టు. నీడ ప్రతిసారీ ఒకే పక్కన వస్తుంటే తప్పు స్టెన్సిల్‌ది, ఆ పక్కన అంచు లేస్తోంది. అన్ని వైపులా సమంగా వస్తుంటే ప్యాడ్‌లో తడి ఎక్కువ. అక్షరాల మధ్యలో చుక్కలు చుక్కలుగా ముద్ర పడకుండా మిగిలిపోతుంటే అసెటోన్ సీసా మళ్ళీ తీయాలి.

వాడిన ప్యాడ్లను, టిష్యూలను, ముఖ్యంగా స్టెయిన్‌లెస్ పనికి వాడినవాటిని, కవరులో కట్టి హానికర చెత్తతో వేయాలి. మిగిలిన ద్రావణాన్ని మొక్కలకు పోయకూడదు. మెష్ ముక్కను మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లో జాడించి, మడత పడకుండా రెండు కాగితాల నడుమ ఆరబెట్టుకోవాలి.